నారింజ పెట్టెలు తట్టిన ఎవ్రార్

పోయిన నెల మా ఊరి పేపర్లో ఎవ్రార్ తుర్పాన్ చనిపోయాడని ఎనిమిది వరుసలు వేశారు. అందులో రెండు వరుసలు తప్పు. "మూడు తరాలుగా రాజభవనం నారింజశాలను కాచిన కుటుంబంలో పుట్టాడు" అని రాశారు. మూడు తరాలు కాచింది మా కుటుంబం. మా తాత, మా నాన్న, ఆ తర్వాత నేను. ఎవ్రార్ వాళ్ళ నాన్న నది అవతల సారా పీపాలు చేసుకునేవాడు. చచ్చిపోతూ కూడా నాది ఒకటి పట్టుకుపోయాడే అనుకున్నాను.

పేపరు మడిచి బల్ల మీద పడేస్తే నా భార్య ఒడీల్ తీసి చదివింది.

"ఆయనేమైనా రాసుకున్నాడా? పేపరు వాళ్ళు రాశారు. పోయిన మనిషి మీద కూడా ఏడవాలా నువ్వు?"

"ఏడవట్లేదు. తప్పు రాశారంటున్నాను."

"అయితే ఒప్పు నువ్వు రాయి."

అందుకే రాస్తున్నాను. ఆ మనిషి గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఇష్టమున్న వాళ్ళు మనిషిని అప్పుడప్పుడు చూస్తారు. నేను పంతొమ్మిదేళ్ళు పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా చూశాను, ఒక్కసారి తప్పు చేస్తాడేమోనని.

మా నారింజశాలలో అక్టోబరు నుంచి మే దాకా నాలుగు వందల పైచిలుకు చెట్లు లోపల ఉంటాయి. వేసవిలో బయట, రాణిగారి మెట్ల కింద, నీటి తొట్టి చుట్టూ వరసగా నిలబడతాయి. జనం వచ్చి ఫోటోలు తీసుకునేది అప్పుడు. మా అసలు పని చలికాలంలో. ఒక్కో చెట్టూ ఒక్కో ఓక్ చెక్క పెట్టెలో ఉంటుంది. పెట్టె మనిషి నడుమెత్తు. పైన మట్టి ఎప్పుడూ ఎండినట్టే కనిపిస్తుంది, అడుగున ఎంత తడి ఉందో కంటికి ఆనదు. చలికాలం చెట్టు సగం నిద్రలో ఉంటుంది. నీళ్ళు ఎక్కువైతే వేరు కుళ్ళుతుంది, తక్కువైతే ఆకు ముడుచుకుంటుంది. అందుకని చెక్క సుత్తితో పెట్టె పక్క మీద తట్టి వింటాం. లోపల తడి ఉంటే దబ్బుమని మొద్దుగా పలుకుతుంది. ఎండితే టంగుమని మోగుతుంది.

ఎండింది అని మా దగ్గర ఎవరూ అనరు. "అడిగింది" అంటారు. తడి ఉంటే "అడగలేదు." ఆ మాట మేస్త్రీ ఒక్కడే అనాలి. మిగతా వాళ్ళు ఎంతమంది విన్నా, ఎంత బాగా విన్నా, నోరు మూసుకుని నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడాలి. మేస్త్రీ "అడిగింది" అన్నాకే క్యాను వంచాలి. రాజుల కాలం నుంచీ అంతే. మా తాత ముప్ఫయ్యేళ్ళు క్యాను వంచాడు. మా నాన్న ముప్ఫయి ఏడేళ్ళు. ఇద్దరూ ఆ మాట అనకుండానే పోయారు.

మా నాన్న అనాల్సింది. 1961లో పాత మేస్త్రీ దిగిపోతున్నాడు, నాన్న ఆయన కింద రెండో మనిషి. ఊళ్ళో అందరూ నాన్నకే అనుకున్నారు. మా అమ్మ అయితే మేస్త్రీ ఇంటి కిటికీలకు గుడ్డ కూడా కొలుచుకుంది. ఆ ఇల్లు నారింజశాల దక్షిణపు గోడకు ఆనుకుని ఉంటుంది. మూడు గదులు. గోడ పగలంతా ఎండ తాగి రాత్రికి వెచ్చగా వదులుతుంది. గుమ్మం పక్కన అంజూరపు చెట్టు. మేమేమో బేకరీ మీద రెండు గదుల్లో అయిదుగురం.

అప్పటి తోటల అధికారి ఒక పరీక్ష పెట్టాడు. ఎవరైనా రావచ్చన్నాడు. వరసలో ఇరవై పెట్టెలు తట్టి చెప్పాలి. తర్వాత ఇనుప చువ్వ అడుగు దాకా దింపి చూస్తారు. నాన్న పదిహేడు సరిగ్గా చెప్పాడు. అది చిన్న సంగతి కాదు. అప్పుడు బండి తోలే వాళ్ళలోంచి ఒకడు టోపీ తీసి ముందుకొచ్చాడు. ఎర్ర మెడ, పొట్టి వేళ్ళు. ఎవ్రార్. యుద్ధం అయ్యాక పనికి చేరి, చెట్లను లోపలికీ బయటికీ మోసే బండి తోలుతున్నాడు. అంతవరకు అతను సుత్తి పట్టుకోగా ఎవరూ చూడలేదు.

ఇరవై పెట్టెలు తట్టాడు. అడిగింది, అడగలేదు అని ఊరుకోలేదు. "దీనికి రెండు క్యాన్లు. దీనికి ఒకటిన్నర. దీని తడి అడుగు నుంచి జానెడు దాకా ఉంది" అని చెప్పుకుంటూ పోయాడు. చువ్వ దింపితే జానెడు దాకే తడి. ఇరవైకి ఇరవై. చిన్నప్పటి నుంచీ వాళ్ళ నాన్న పీపాలు తట్టి సారా ఎంత వరకుందో చెప్పడం వాళ్ళింట్లో ఆటట. ఆ ఆటతోనే మా నాన్న ముప్ఫయి నాలుగేళ్ళ చాకిరీని కొట్టేశాడు.

నాన్న ఇంటికొచ్చి టోపీ కొక్కేనికి తగిలించాడు. "పీపాలవాడి కొడుకంట" అన్నాడు. సూప్ తాగాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. అమ్మ ఆ గుడ్డతో నాకు రెండు చొక్కాలు కుట్టింది.

నేను అప్పటికే అక్కడ క్యాన్లు మోస్తున్నాను. మూడేళ్ళకు నాన్న పోతే, రెండో మనిషి చోటు నాకిచ్చారు. అంటే ఎవ్రార్ వెనకాల ఒక అడుగు దూరంలో నడిచే చోటు.

అతను మంచివాడా చెడ్డవాడా అంటే నేను చెప్పలేను. పచ్చి ఉల్లిపాయ, రొట్టె తినేవాడు, తిని ఎదురుగా నిలబడి మాట్లాడేవాడు. కోపం వస్తే అరిచేవాడు కాదు, మన చేతిలోంచి కత్తెర లాక్కుని తనే కొమ్మ కత్తిరించేవాడు. దాని కంటే తిట్టినా బాగుండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఇంట్లో నాలుగొందల మంది ఆడవాళ్ళున్నారు, ఇంకొకతెను తెస్తే ఒప్పుకుంటారా?" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వి, ఆ మాట నాకెందుకు తట్టలేదా అని ఇంటి దాకా ఆలోచించుకుంటూ పోయేవాణ్ణి. మూడు గదుల్లో ఒక్క మనిషి! ఒక గదిలో అతను ఎండబెట్టిన ఉల్లిపాయలుండేవి. మా పిల్లలు ఒకరి కాళ్ళ మీద ఒకరు పడుకుంటుంటే ఉల్లిపాయలకు ఒక గది.

భవనంలో పనిచేసే వాళ్ళింట పెళ్ళయితే నారింజ పూల రెమ్మ మేస్త్రీ కోసి ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. నా పెళ్ళికీ అతనే కోశాడు. ఒడీల్‌ను ఒకసారి తేరిపార చూసి, నాలుగో వరసలో ఒక చెట్టు దగ్గరికి పోయి, "ఈ పిల్ల పొడుగు. పొట్టి రెమ్మ బాగుండదు" అని మూరెడు రెమ్మ కోశాడు. అంత పొడుగు రెమ్మ అంతకు ముందు ఎవరికీ ఇవ్వలేదు. ఒడీల్ దాన్ని ఇప్పటికీ బీరువాలో దుప్పట్ల మధ్య దాచుకుంది. పెళ్ళిలో నేను కొన్న ఉంగరం బాగుందని ఒక్కరూ అనలేదు.

ఒకసారి టీవీ వాళ్ళు వచ్చారు. అతను తట్టడం, చెవి పెట్టడం, అతని పొట్టి వేళ్ళు దగ్గర నుంచి తీశారు. ఆదివారం మధ్యాహ్నం వేశారు. బేకరీ వాళ్ళింట్లో అందరం కూర్చుని చూశాం. నేను కనిపించింది రెండు సెకన్లు. అదీ నా బూట్లు.

"అవి నీవేనా?" అని అడిగింది బేకరీ ఆవిడ.

"నావే."

"తుడుచుకుని ఉండాల్సింది."

ఇలా పద్దెనిమిదేళ్ళు. 1979 డిసెంబరులో ఒక రోజు చలి రాకుండా ఉత్తరపు తలుపుకు గడ్డి చుట్టలు పేరుస్తున్నాం. గాలికి పెద్ద తలుపు ఊడొచ్చినట్టు ఢామ్మని కొట్టుకుంది. నిచ్చెన మీదున్న నేను జారబోయాను. క్యాన్లు మోసే ఫ్లావీ కెవ్వుమని అరిచింది. ఆ పిల్ల మా దగ్గర చేరి ఆరేళ్ళయింది, మాటకారి. ఎవ్రార్ తలుపుకు వీపు పెట్టి ఒక పెట్టె దగ్గర నిలబడి ఉన్నాడు. కదల్లేదు. భుజం కూడా కదల్లేదు.

నేను నిచ్చెన మీదే ఉండిపోయాను. "మేస్త్రీ!" అని పిలిచాను. పలకలేదు. "ఒరేయ్ ఉల్లిపాయా!" అని పిలిచాను. ఫ్లావీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను తిరగలేదు.

దేవుడా, ఎంత ఆనందమో చెప్పలేను. ఆ రోజంతా అతన్నే కనిపెట్టి చూశాను. సుత్తితో తడుతున్నాడు, చెవి పెడుతున్నాడు, "అడిగింది" అంటున్నాడు. మరి ఎలా? సాయంత్రానికి దొరికింది. కుడి చేత్తో తడుతూ ఎడం అరచెయ్యి పెట్టెకు ఆనిస్తున్నాడు. చెవి పెట్టడం ఉత్త వేషం. చెక్క అదురు చేతికి తెలుస్తోంది, దాన్ని బట్టి చెప్తున్నాడు.

ఇంటికి పోయి ఒడీల్‌కు చెప్పాను. "చెవిటివాడే! మనందర్నీ పిచ్చివాళ్ళను చేస్తున్నాడు!"

ఒడీల్ బంగాళదుంపలు చెక్కు తీస్తోంది. "చెట్లేమైనా చచ్చిపోయాయా?"

"లేదు."

"ఆకులు రాలాయా?"

"లేదంటున్నాగా."

"అయితే చెవుల్లేకుండానే ఆయన చెప్తున్నాడు. నీకు రెండున్నాయి. నువ్వేం చెప్పావు ఇన్నాళ్ళూ?"

"నన్ను చెప్పనిస్తేగా!"

ఆ అవకాశం జనవరి ఆఖర్లో వచ్చింది. ఎవ్రార్‌కు ఫ్లూ జ్వరం. లేవలేక మంచమెక్కాడు. ఆసుపత్రి నర్సు ఐదు రోజులు గడప దాటొద్దంది. మేస్త్రీ లేకపోతే రెండో మనిషే మేస్త్రీ. సుత్తి నా చేతికి వచ్చింది.

మొదటి పెట్టె రెండుసార్లు తట్టాను. "అడగలేదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఫ్లావీ క్యాను పట్టుకుని పక్క పెట్టెకు నడిచింది, అంతే. ఇంతేనా, దీనికేనా మా నాన్న టోపీ తగిలించి సూప్ తాగింది అనిపించింది. పదో పెట్టెకు నా గొంతు కూడా మారింది.

ఏడో వరసకు వచ్చాం. ముప్ఫయి ఒక్క పెట్టెలు. అన్నీ టంగుమన్నాయి. ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు. మొదటిదే పెద్దావిడ చెట్టు. ముగ్గురు రాజుల కంటే ముందు నుంచీ ఉందని చెప్తారు, మొదలు మనిషి తొడ కంటే లావు.

"అడిగింది" అన్నాను.

ఫ్లావీ క్యాను వంచలేదు. "అన్నా, పోయిన వారమేగా దీనికి తాగించాం?"

"నీకు వినపడలేదా మోత?"

"వినపడింది. అయినా..."

"చెట్టు అడుగుతుంటే అయినా ఏంటి? మేస్త్రీ అయితే ఇలాగే ఎదురు చెప్తావా?"

ఆమె వంచింది. "రెండు క్యాన్లు" అన్నాను, అతనిలాగే. ముప్ఫయి ఒక్క పెట్టెలకూ రెండేసి క్యాన్లు. మూడో రోజు తట్టితే మళ్ళీ టంగుమన్నాయి. మళ్ళీ తాగించాను. చూశారా, అతను ఎండగడుతున్నాడు చెట్లను, వినపడక, అనుకున్నాను.

ఐదో రోజు తోటల అధికారి మదాం దెల్మా ఆఫీసుకు పోయాను. నా అంతట నేనే పోయాను, ఎవరూ పిలవలేదు.

"మదాం, ఎవ్రార్‌కు చెవులు వినపడవు."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఎప్పటి నుంచి?"

"చాలా ఏళ్ళ నుంచి, మదాం. ఏడో వరస మొత్తం ఎండిపోయి ఉంది. నేను చూశాను కాబట్టి సరిపోయింది."

"చలికాలం దాటనివ్వండి, ఆలోచిద్దాం" అంది. మెట్లు దిగుతుంటే నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ ఆదివారం ఒడీల్‌ను తీసుకుని దక్షిణపు గోడ వైపు షికారు పోయాను. అంజూరపు చెట్టు కొమ్మలు గుమ్మానికి అడ్డం వస్తున్నాయి, రెండు కొట్టేయాలి అనుకున్నాను.

ఫిబ్రవరి రెండో వారంలో ఏడో వరసలో ఆకులు పసుపు తిరిగాయి. నాలుగు రోజుల్లో రాలడం మొదలుపెట్టాయి. పొద్దున తలుపు తీస్తే పెద్దావిడ చెట్టు కింద ఆకుల చాప పరిచినట్టుంది.

అప్పటికి ఎవ్రార్ లేచి తిరుగుతున్నాడు. ముందు ఒక ఆకు నలిపి వాసన చూశాడు. తర్వాత మట్టిలోకి వేలు దించి వాసన చూశాడు. సుత్తి తీయలేదు. "ఈ పక్క తియ్యండి" అన్నాడు. ఫ్లావీ, నేను ఇనుప పట్టీ ఎత్తి చెక్క పక్కకు జరిపాం. వేళ్ళు నల్లగా, మెత్తగా ఉన్నాయి. మురుక్కాలవ కంపు కొట్టింది.

ఊడదీసిన చెక్కను అతను అరచేత్తో నిమిరాడు. తెల్లటి చెక్క, ఇంకా రంపం గీతలు కూడా పోలేదు. పోయిన వేసవిలో వడ్రంగులు ఏడో వరస పెట్టెలన్నిటికీ పక్కలు మార్చారు. కొత్త ఓక్ చెక్క, మందంది, గట్టిది. లోపల బురదే ఉన్నా అది మోగుతుంది. ఆ చెక్కలు మార్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పాతవి మోసింది నేనే. పీపాలవాడి కొడుకు ఆ సంగతి మర్చిపోడు. నేను మర్చిపోయాను.

"దీనికి అడిగిందని ఎవరన్నారు?" అని అడిగాడు ఎవ్రార్.

ఫ్లావీ బూట్ల వైపు చూసుకుంటోంది. ఎలాగూ వినపడదుగా, నేను నోరు విప్పినా విప్పకపోయినా ఒకటే అనుకున్నాను. అంత నీచంగా అనుకున్నాను, నిజమే.

మధ్యాహ్నం మదాం దెల్మా వచ్చింది, చేతిలో కాగితాల అట్టతో. అందర్నీ ఏడో వరస దగ్గర నిలబెట్టింది. ఎవ్రార్ ముందుకొచ్చి ఆవిడ పెదాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎవ్రార్, మీకు వినపడటం లేదని నాకు తెలిసింది. నిజమేనా?"

"నిజమే మదాం. మూడేళ్ళయింది."

"చెప్పాలి కదా!"

"చెట్లకేం తేడా రాలేదు. అందుకని చెప్పలేదు."

"మరి ఇప్పుడు వచ్చింది కదా. ఇది ఎవరి పని?"

అంతా అయిపోయింది. నేను ఏమీ చేయక్కర్లేదు. ఆ వారం తను మంచంలో ఉన్నానని అతను చెప్పుకుంటే తప్ప నా మీదికి రాదు. చెప్పినా, చెవిటివాడు తప్పించుకోడానికి అంటున్నాడని ఆవిడ అనుకోవచ్చు. మేస్త్రీ పని, ఇల్లు, ఎండ తాగిన గోడ, అన్నీ నాకు జానెడు దూరంలో ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు. మా తాత నుంచీ మాకు బాగా వచ్చిన పని అదే.

ఎవ్రార్ అన్నాడు: "నారింజశాలలో ఏం జరిగినా మేస్త్రీదే. ముప్ఫయి ఒకటీ నావే. రాసుకోండి."

మదాం కలం తీసింది.

నావే అన్నాడే. ఆ మాట నా చెవిలో పడ్డాక ఒళ్ళంతా మండిపోయింది. మా నాన్నకు రావాల్సింది పట్టుకుపోయాడు. నా పెళ్ళాం బీరువాలో దాచుకున్న రెమ్మ అతనిది. టీవీలో చేతులు అతనివి, నాకు బూట్లు. ఇన్నేళ్ళలో ఆ నారింజశాలలో నా అంతట నేను, నా నోటితో, చేసిన పని ఒక్కటుంది. మంచో చెడో, ముప్ఫయి ఒక్క చెట్లు నా మాట మీద తాగాయి. అది కూడా అతని పేరు మీద రాసేస్తున్నారు. ఎదురుగా నిలబడి, గుండె మీద చెయ్యేసుకున్నంత గొప్పగా, నావే అంటున్నాడు!

"అవి నావి!" అని అరిచాను.

మదాం ఉలిక్కిపడింది. "ఏవి?"

"చెట్లు! ముప్ఫయి ఒకటీ నేనే తాగించాను. రెండేసి క్యాన్లు, రెండుసార్లు. అతను జ్వరంతో పడున్నాడు. అతనికేం సంబంధం? కావాలంటే ఫ్లావీని అడగండి!"

ఎవ్రార్ నా వైపు వీపు పెట్టి ఉన్నాడు. అందరి మొహాలూ చూసి ఏదో జరిగిందని గ్రహించి ఫ్లావీని అడిగాడు: "ఏమంటున్నాడు?"

ఫ్లావీ అతని మొహానికి ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పింది: "తనే తాగించానంటున్నాడు."

"అది నాకు తెలుసు. దానికి అంత అరవడం దేనికి?"

ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు. మదాం దెల్మా రాసిన వరస కొట్టేసి, నన్ను చూసింది. ఏం రాయాలో తెలీక కలం మూసేసింది. "ముందు చెట్ల సంగతి చూడండి" అని వెళ్ళిపోయింది.

ఆరు రోజులు పట్టింది. ముప్ఫయి ఒక్క పెట్టెలూ విప్పాం. కుళ్ళిన వేరు కోసి, తడి మట్టి తీసి, ఎండు మట్టీ ఇసుకా కలిపి నింపాం. ఎవ్రార్, నేను ఒకే పెట్టెకు చెరో పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కోశాం. రెండో రోజు అతను తలెత్తకుండా అడిగాడు.

"నా చెవుల సంగతి మదాంకు చెప్పింది ఎవరు?"

తలెత్తితే గాని నా జవాబు అతనికి తెలీదు. వాళ్ళూ వీళ్ళూ అనొచ్చు. అతను తలెత్తేదాకా ఆగాను.

"నేనే."

"అదీ నీదేనా?"

"నాదే."

"మంచిది. ఉంచుకో" అని మళ్ళీ కోయడం మొదలుపెట్టాడు. కాసేపటికి నా చేతిలోంచి కత్తెర లాక్కున్నాడు, నేను బతికున్న వేరు కోస్తున్నానని.

ఇరవై ఆరు బతికాయి. ఐదు పోయాయి. పెద్దావిడ చెట్టుకు తల మొత్తం నరికేసి మోడు చేశాడు. ఏ కొమ్మ ఉంచాలో, ఏది తీయాలో అతను నిచ్చెన మీద నుంచి చూపిస్తుంటే కింద నిలబడి చూశాను. ఏప్రిల్లో అది చిగురేసింది. అంత మంచి చిగురు చూసి కూడా నాకు సంతోషంలో సగమే సంతోషం. మిగతా సగం ఏంటో మీకు చెప్పక్కర్లేదు.

మేలో చెట్లు బయటికి తీయడం అయ్యాక ఎవ్రార్ పని నుంచి దిగిపోయాడు. కొత్త మేస్త్రీ పేరు నోటీసు బోర్డు మీద అంటించారు. ఫ్లావీ. పేరు చెప్పింది ఎవ్రారేనని తర్వాత తెలిసింది. మదాం అడిగితే ఆ ఒక్క పేరే చెప్పాడట.

నేను ఇంటికి పోయి టోపీ కొక్కేనికి తగిలించాను. ఒడీల్ నా మొహం చూసింది. గిన్నె ముందు పెట్టి, "తిని పో. ఆయన సామాను ఇవాళ మోస్తున్నారంట. ఒక్కడే ఉన్నాడు" అంది.

"నేనెందుకు పోవాలి?"

"నువ్వెందుకు పోవాలో నీకు తెలుసు. కాబట్టే అడుగుతున్నావు."

పోయాను. అతను నది అవతల చెల్లెలి దగ్గరికి మారుతున్నాడు. పంతొమ్మిదేళ్ళ కాపురానికి ఉన్న సామాను ఇంతే: మంచం, రెండు పెట్టెలు, ఉల్లిపాయల గోనె. మిగతావన్నీ ముందే వెళ్ళాయి, మంచం మిగిలింది. అతను తల వైపు పట్టుకున్నాడు, నేను కాళ్ళ వైపు. వంతెన మధ్యలో ఆగి దించాం. ఊపిరి తీసుకుంటున్నాడు. నేను అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాను, పెదాలు కనిపించేలా.

"పంతొమ్మిదేళ్ళు నీ వెనక నడిచాను."

"నడిచావు."

"మరి ఆ పిల్ల పేరు ఎందుకు చెప్పావు? ఆరేళ్ళయింది అది వచ్చి."

ఎవ్రార్ చొక్కా చేతితో మెడ తుడుచుకున్నాడు.

"నువ్వు నా వెనకే నడిచావురా అమెదె. నా చెయ్యే చూశావు, నా చెవే చూశావు. నేను ఎక్కడ చెయ్యి పెడతానో నీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. ఆ పిల్ల చెట్టును చూసింది. నువ్వు క్యాను వంచమన్నప్పుడు 'పోయిన వారమేగా తాగించాం' అందంట?"

"అంది."

"అలా అనమని నేను చెప్పలేదు దానికి."

కోపం వచ్చింది. అతను చెప్పింది నిజమని ఇంకా కోపం వచ్చింది. "నీ చెవులు పోయాయిగా, ఇవన్నీ ఎవరు మోసుకొచ్చి చెప్తారు నీకు?" అన్నాను.

"ఒడీల్. సూప్ తెచ్చినప్పుడల్లా" అన్నాడు.

అంటే ఆ చలికాలమంతా నాకు తెలీకుండా అతనికి సూప్ పట్టుకెళ్ళి ఇచ్చిందన్నమాట, ఎదురుగా కూర్చుని, పెదాలు కనిపించేలా నిదానంగా మాట్లాడిందన్నమాట. నాతో అంత నిదానంగా ఎప్పుడు మాట్లాడింది?

"ఇక లేపు" అన్నాడు ఎవ్రార్.

లేపాం. అతను ముందు, నేను వెనక. వంతెన దిగాక దారి ఎత్తుగా ఉంటుంది, మంచం బరువంతా వెనక వాడి మీద పడుతుంది. నా వేళ్ళు తెగిపోతున్నాయి. "ఒకసారి దించుదాం" అన్నాను. వినపడలేదు. "దించుదామయ్యా!" అని అరిచాను. వినపడలేదు. వదిలేస్తే అతను మంచంతో పాటు వెనక్కి వెల్లకిలా పడతాడు. అందుకని చెల్లెలి గుమ్మం దాకా మోశాను.